బర్మా కోడలికి వేసిన చీట్లు

మా అత్తగారి జ్ఞాపకార్థ కూడికలో, పెద్దకోడల్ని కాబట్టి నన్ను రెండు మంచి మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. మళ్ళీ కూర్చున్నాను. పాపం, దుఃఖం పొంగి మాట రాలేదని అందరూ అనుకున్నారు. దుఃఖమూ కాదు, పాడూ కాదు. ఆవిడ గురించి మంచి మాట ఒకటి మొదలుపెడితే దాని వెనకే పది తిట్లు తోసుకొస్తాయి. అవి చర్చిలో చెప్పేవి కావు. ఇక్కడ చెప్తాను, అడ్డుపడేవాళ్ళు లేరు గనుక.

ఆవిడ పేరు మగ్దలీనమ్మ. కృష్ణపట్నానికి ఇవతల, ఉప్పుపడవలు పోయే కాలువ గట్టున మా పల్లె. మొగుడు చిన్నప్పుడే పోతే, సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ దగ్గర పచ్చిరొయ్యలు తీసుకుని, ఇసుకలో చాపలు పరిచి ఎండబెట్టి, గంపకెత్తి సంతలో అమ్మి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు అబ్రహాము. కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. ఆయన్నే నేను కట్టుకున్నాను. నా పేరు ఆనందకుమారి, మిషన్ బడిలో చిన్నపిల్లలకు టీచర్ని, పుట్టిల్లు కావలి.

మా అత్తగారికి ఒక జబ్బుంది. తనది అనుకున్న దేన్నీ నోరారా పొగడదు. "రొయ్యలు బాగుండాయా మగ్దలీనమ్మా?" అని సంతలో ఎవరైనా అడిగితే, "ఏం బాగో, నీ ఖర్మ, తీసుకుంటే తీసుకో" అనేది. మనవడు బొద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే "వాడా, పందికొక్కు" అనేది. దిష్టి భయం. అయితే దిష్టి అనే మాట ఎత్తకూడదు, మేం క్రైస్తవులం కదా. దిష్టీ లేదు గిష్టీ లేదు అని ఆదివారం పూట ఒప్పుకునేది. మిగతా వారమంతా ఉండేది.

చిన్నకొడుకు కృపాదానం. బంగారంలాంటి మనిషి, కాని ఏ రెండింటిలోనూ ఒకటి తేల్చుకోలేడు. అన్నంలోకి పులుసా, చారా అంటే ఆలోచించేలోపల రెండూ చల్లారిపోయేవి. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళది రైటు. "నిజమే వదినా" అని నాతో అంటాడు. పక్కగదిలోకి వెళ్ళి నాకు సరిగ్గా వ్యతిరేకంగా చెప్పే వాళ్ళన్నతో "నిజమేన్నా" అంటాడు. పడుచువయసులో ఎవరో రమ్మంటే పడవెక్కి రంగూను పోయాడు. అక్కడ బియ్యం మిల్లులో ఇంజను పని నేర్చుకున్నాడు. యాభై ఎనిమిదిలో తిరిగొచ్చాడు. ఒక్కడే రాలేదు.

కాలువ పడవలోంచి ముందు ట్రంకుపెట్టె దిగింది, తర్వాత కృపాదానం దిగాడు, ఆ తర్వాత ఒక అమ్మాయి దిగింది. పూల లుంగీ, నడుం దాకా తెల్ల రవిక, రెండు బుగ్గల మీదా పసుపుతెలుపు పూత. చిన్న కళ్ళు, పెద్ద నవ్వు.

"ఎవురురా ఈమె?" అంది మా అత్తగారు గంప దించకుండానే.

"నా పెళ్ళామమ్మా. జాబు రాసినానే!"

జాబు ఆ తర్వాతి వారం వచ్చింది.

"నువ్వు కట్టుకోవాల్సిన లుంగీ ఆమె కట్టుకోనుండాదేందిరా? మొగాన ఆ గంధమేందిరా? అన్యుల పిల్లని తెచ్చినావా నా ఇంటికి?"

"గంధం కాదమ్మా, ఎండకి పూసుకుంటారు. ఏదో చెట్టు బెరడు. ఈళ్ళు కరెన్ జాతోళ్ళు. ముత్తాతల కాడినించి మన మాదిరే బాప్తీస్మం తీసుకున్నోళ్ళు. చర్చిలోనే పెళ్ళయింది."

"అయితే మొగం కడుక్కోమను" అంది ఆవిడ. అదే స్వాగతం.

ఆ ఆదివారం చర్చికి తీసుకెళ్ళాం. నా చీరే కట్టించాను, మనిషి చీరలో నడవలేక తంటాలు పడింది. పాట ఎత్తుకున్నాం. రాగం ఆ అమ్మాయికి తెలిసినదే. తన భాషలో అందుకుంది. మేమందరం ఒక గొంతుతో పైన పాడుతుంటే ఆమె కింది స్వరంలో వేరే దారిన వచ్చి మాతో కలిసింది. అట్లా పాడొచ్చని మా చర్చిలో ఎవరికీ తెలియదు. ముత్యాలయ్య అయ్యగారు, మా పాస్టరు, పాట పుస్తకం దించేసి నిలబడిపోయారు. మా అత్తగారు మాత్రం బయటికొచ్చాక, "అందురూ ఒకమాదిరి పాడతా ఉంటే ఆమె ఇంకోమాదిరి పాడతాది. పొగరు" అంది. ఆ మాట పదిమందికి చెప్పింది. అంత సంతోషం ఆవిడకు మళ్ళీ మనవరాలు పుట్టినప్పుడే చూశాను.

ఆ అమ్మాయి పేరు పో. పిలిస్తే పొమ్మన్నట్టుంటుందని, వాళ్ళ భాషలో దానర్థం పువ్వని తెలుసుకుని, అయ్యగారు పుష్పకుమారి అన్నారు. పుష్ప అయింది. ఏడాది తిరక్కుండా తెలుగు నేర్చింది. ఎవరి దగ్గర నేర్చిందో వేరే చెప్పనక్కర్లేదు, తిట్లతో సహా వచ్చింది. ఒకరోజు అత్తగారు సంతకు పోయినప్పుడు గంపెడు మంచి రొయ్యలు ఉప్పేసి దంచి జాడీకెత్తి పులియబెట్టింది. వాళ్ళకు అది లేనిదే ముద్ద దిగదట. జాడీ మూత తీసిన రోజు పడవలవాళ్ళు అవతలి గట్టున పడవలు కట్టుకున్నారు. మా అత్తగారు పల్లె పల్లెంతా వినేట్టు అరిచింది. ఆ తర్వాత ఆ రొయ్యల ముద్ద కొంచెం పులుసులో వేస్తే రుచి వేరుగా ఉంటుందని కనిపెట్టి, దొంగతనంగా వేసుకునేది. అడిగితే లేదనేది.

ఇక్కడే పోలీసుల సంగతి చెప్పాలి. పుష్ప పరదేశి. వచ్చిన కొత్తలోనే నెల్లూరు పోలీసు ఆఫీసులో పేరు రాయించుకోవాలన్నారు. రాయిస్తే ఏడాదికి పర్మిట్టు ఇచ్చారు. ఏడాది అయిపోగానే మళ్ళీ వెళ్ళి పొడిగించుకోవాలి. ప్రతి ఏడూ పుష్ప వెంట మా అత్తగారు వెళ్ళేది. కొడుకు వెళ్తే ఏ బల్ల దగ్గర నిలబడాలో తేల్చుకునేసరికి ఆఫీసు మూసేస్తారని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు. అక్కడ నరసయ్యగారని గుమాస్తా ఉండేవాడు, ఓర్పుగల మనిషి.

"నా ఇంట్లో నా కోడలుండేదానికి మీ పర్మిట్టేందయ్యా?" అని ప్రతి ఏడూ ఆయన్ని అడిగేది.

"చట్టమమ్మా" అని ప్రతి ఏడూ ఆయన చెప్పేవాడు.

"ఆ చట్టం రాసినోడికి కోడలుండాదా?"

ఆఫీసులో అట్లా పోట్లాడే మనిషే, ఇంట్లో కోపం వస్తే మా ఇద్దరికీ ఒకే తిట్టు రెండు రకాలుగా వడ్డించేది. నన్ను "మీ కావలికి పోవే" అనేది. ఆమెను "మీ బర్మాకి పోవే" అనేది. నాకు రోషం. కావలికి రైలుంది. మూట కట్టుకుని గడప దాకా వచ్చేదాన్ని. పుష్ప మూట కట్టేది కాదు, నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది, మా అత్తగారికి ఇంకా మండేది.

అరవై నాలుగులో వచ్చి పడింది అసలు చిక్కు. పుష్ప పాస్‌పోర్టుకు గడువు తీరిపోయింది. అప్పటికి బర్మాలో ప్రభుత్వం మారి, మనవాళ్ళు ఓడల నిండా తిరిగొస్తున్నారు. అటు వెళ్ళిన బర్మా మనిషికి మళ్ళీ బయటికి రావడం కష్టమని అందరూ చెప్పుకునేవారు. నరసయ్యగారు ఆ ఏడు పర్మిట్టు కొద్ది నెలలకే పొడిగించి, "అమ్మా, ఇట్టా ఎన్నాళ్ళో నడవదు. ఈ వానలు పోయేలోపల ఏదో ఒకటి తేల్చుకోని రాండి" అన్నాడు.

తేల్చుకోవడం! అదీ కృపాదానం ఇంట్లో!

సలహా చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారో అన్ని దారులు పుట్టాయి. మా ఆయనది పర్మిట్టు దారి. "అర్జీ మీద అర్జీ పెట్టుకుంటా పోవాల. ఉన్నదాన్ని కదిలించకూడదు" అనేవారు. లాకు తలుపులు కూడా ఆయన అట్లానే ఎత్తుతారు, పడవవాడు అరిచి గోల చేస్తే తప్ప కదిలించరు. హెబ్రోను మా సంఘపెద్ద. ఆయనది తిరుగుటపా దారి. పుష్ప రంగూను వెళ్ళి కొత్త పాస్‌పోర్టు, దాని మీద పక్కా వీసా తెచ్చుకుని దర్జాగా రావాలి. "సక్రమంగా పోవాల, సక్రమంగా రావాల" అనేవాడు. రానివ్వకపోతే ఏమిటని అడిగితే, "విశ్వాసముండాల" అనేవాడు. వెళ్ళేది ఆయన పెళ్ళాం కాదు కదా! అయ్యగారిది ఇంకో తమాషా. నెల్లూరులో దొరలకూ దొరసానులకూ సువార్త పనికని వీసా ఇస్తున్నారు కదా, పుష్పను కూడా ఆ పని మీద వచ్చినట్టు రాయిస్తే సరిపోతుందన్నారు. రొయ్యలు దంచుకునే పిల్లను దొరసానిని చేద్దామని చూశారు మహానుభావులు.

నాలుగో దారి నాది. భారతీయుణ్ణి పెళ్ళాడిన ఆడది అర్జీ పెట్టుకుంటే ఈ దేశపు పౌరురాలిగా నమోదు చేసుకునే చట్టముందని పేపర్లో చదివాను. నరసయ్యగారిని అడిగితే ఔనన్నాడు. కాకపోతే బర్మా పౌరసత్వం వదులుకుంటున్నానని రాసివ్వాలి. పుష్ప తల్లి అక్కడ ఒక పల్లెలో బతికే ఉంది. తల్లిని చూడాలంటే తర్వాత పరదేశిగానే అటు వెళ్ళాలి, వాళ్ళు రానిస్తే.

నలుగురం నాలుగు చెప్పాం. కృపాదానం నలుగురికీ "నిజమే" అన్నాడు. ఒక వారం రంగూనుకు టిక్కెట్టు ఎక్కడ దొరుకుతుందో వాకబు చేశాడు. తర్వాతి వారం నాతో పౌరసత్వం అర్జీ రాయించుకున్నాడు. ఆ పై వారం పెళ్ళాం చేత సువార్త పాఠం వల్లె వేయించాడు. వానలు మొదలయ్యాయి. వాళ్ళ కూతురు ఏసుమణి అప్పుడే బడికి వస్తోంది. ఎవరింటికో చుట్టాలొచ్చి వెళ్తుంటే, "మాయమ్మ గూడా పోతాదా?" అని నన్ను అడిగింది. ఆ రోజు ఇంటికొచ్చి కృపాదానాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. "నిజమే వదినా" అన్నాడు.

చివరికి మా అత్తగారే అంది: "మనుషుల వల్ల కాదు. చీట్లేద్దాం."

మా చర్చిలో అది మామూలే. సంఘంలో ఏదైనా తేలకపోతే తలా ఒక చీటీ రాసి, కానుకల పళ్ళెంలో వేసి, ప్రార్థన చేసి ఒకటి తీస్తారు. వచ్చిందే దేవుడి చిత్తం. అట్లా చర్చి గోడకు వేయాల్సిన రంగు తేలింది, క్రిస్మస్ విందుకు వంటమనిషి తేలాడు. వీసా తేల్చడం మాత్రం అదే మొదలు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. నాలుగు చీట్లూ మడిచి పళ్ళెంలో వేశారు. తీయడానికి రెబెక్కమ్మను పిలిచారు. పల్లెలో అందరికంటే పెద్దది, చూపు ఆనదు కాబట్టి పక్షపాతం ఉండదని.

రెబెక్కమ్మ తడిమి తడిమి ఒకటి తీసింది. అయ్యగారు విప్పారు.

"రంగూను వెళ్ళి రావలెను" అన్నారు.

హెబ్రోను కళ్ళు మూసుకుని "స్తోత్రం" అన్నాడు. ఇంకెవరూ అనలేదు. పుష్ప ఒళ్ళో ఉన్న ఏసుమణిని దగ్గరికి లాక్కుంది. నిజం చెప్తున్నాను, దేవుడి మీద నాకు అంత కోపం ముందెన్నడూ రాలేదు.

మా అత్తగారు లేచింది. "ఇంకోతూరి తియ్యాల."

"మగ్దలీనమ్మా, దేవుణ్ణి రెండోసారి అడగకూడదు" అన్నారు అయ్యగారు.

"ఎందుకడగగూడదు? పూర్వం భక్తులడగలేదా? ఒకతూరి గుర్తు చూపించమని, ఇంకోతూరి రూఢి చెయ్యమని? మీరే గదా పోయినేడు వాక్యం చెప్పినారు!"

అయ్యగారు హెబ్రోను వంక చూశారు. హెబ్రోను కప్పు వంక చూశాడు.

"పైగా రెబెక్కమ్మకి కళ్ళు ఆనవుగాని వేళ్ళు బాగనే ఆనతాయి. నా రొయ్యల్లో పెద్దయి ఏరేది ఆమె కాదా?"

"నీ రొయ్యల్లో పెద్దయి యాడుండాయిమే ఏరేదానికి?" అంది రెబెక్కమ్మ కూర్చున్న చోటి నుంచే.

మళ్ళీ తీశారు. ఈసారి అయ్యగారే తీశారు. పర్మిట్టు పొడిగింపు వచ్చింది. మా ఆయన కాలరు సవరించుకున్నారు. ఇక చూడండి, చర్చి రెండు ముక్కలయింది. మొదటిదే దేవుడిదని కొందరు, రూఢి చేసిందే ఖాయమని కొందరు. మూడోసారి తీసి ఎక్కువ వచ్చింది తీసుకుందామని ఇంకొందరు. మూడోసారి నా చీటీ వస్తుందేమోనని నేనూ గట్టిగానే అరిచాను. కృపాదానం ఈ పక్కకు తిరిగి "నిజమే" అని, ఆ పక్కకు తిరిగి "నిజమే" అని, మధ్యలో నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

మా అత్తగారు పళ్ళెం అందుకుని, చీట్లన్నీ కింద పారబోసింది. పుష్ప వైపు తిరిగి, "నోట్లో ఏం పెట్టుకోనుండావే? ఊరంతా నీ గురించి పొడుచుకుంటా ఉంటే బొమ్మ మాదిరి కూసోనుండావు! నువ్వు చెప్పవే, నీకేం కావాలో!" అని అరిచింది.

అంతమందిలో ఆ పిల్లను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అడిగింది తిట్టులాగే, కాని అడిగింది.

పుష్ప లేచింది. "మాయమ్మని చూడాలనుండాదత్తా" అంది. "రోజూ ఉంటాది. కానీ పోతే రానీరు. రానీకపోతే ఈ పిల్ల యాడ పెరగాల? నేనీడ్నే ఉంటా. ఏటేటా పోయి, ఇంకో యాడాది ఉండనీండయ్యా అని అడుక్కోవడం నావల్ల గాదు. ఉండేదైతే మీ మాదిరి ఉంటా, ఎవుర్నీ అడగకుండా."

మా అత్తగారు చప్పున కూలబడింది. "ఈ మాట ముందే అఘోరించి ఉండొచ్చు గదంటే! నా పానం తీసినావు గదంటే!" అని తిడుతూ కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. దేవుడి చిత్తం సంగతేమిటని హెబ్రోను నసిగితే, "దేవుడికి నేను చెప్పుకుంటాలే, నువ్వు ఇంటికి పోయి అన్నం తిను" అంది.

కృపాదానం మొదటిసారి ఎవరూ అడక్కుండానే ఒక మాటన్నాడు. "నాకూ అదే కావాల" అన్నాడు. ఆరేళ్ళు ఆలస్యంగా అన్నాడనుకోండి, అయినా అన్నాడు.

అర్జీ పెట్టాం. కొన్ని నెలలకు విచారణ కోసం చెంచురామయ్య అనే హెడ్‌కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. వసారాలో బల్ల వేసి కూర్చోబెట్టాం. హెబ్రోను కూడా పెద్దమనిషిగా వచ్చి కూర్చున్నాడు. ఉంటున్న చోటు, పెళ్ళి, పిల్ల, అన్నీ అడిగి రాసుకుని చివరికి మా అత్తగారిని అడిగాడు: "మీ కోడలి నడవడిక ఎట్టాంటిదమ్మా?"

ఆ ప్రశ్న ఆవిడను అడక్కుండా ఉంటే బాగుండేది.

"ఏం నడవడికలేయ్యా" అంది. "పొద్దన్నే లేచి మొగానికి సున్నం కొట్టుకుంటాది. మంచి రొయ్యలు కుళ్ళబెడతాది. తిడితే నవ్వతాది, అంతకన్నా పొగరుంటాదా? పిల్లకి మనకర్థం కాని భాషలో పాటలు నేర్పిస్తాది. ఏం నేర్పిస్తా ఉండాదో ఏమో!"

కానిస్టేబులు పెన్సిలు ఆగింది. "అర్థం కాని భాషలోనా?" అన్నాడు. చైనా యుద్ధం అయిపోయి ఎంతో కాలం కాలేదు. పరదేశి అంటే అందరికీ అనుమానమే.

"అయ్యా, మా అత్త మాటలు రాసుకోబాకండి. దిష్టి తగులుతుందని అట్లా చెప్తా ఉంది. ఆమెకి తనవాళ్ళని పొగడడం తెలీదు" అన్నాను.

"ఎవురు చెప్పినారే దిష్టి అని?" మా అత్తగారు హెబ్రోను వైపు ఒక చూపు చూసి నా మీద లేచింది. "మేం క్రైస్తవులం! మాకు దిష్టి గిష్టీ లేదు! నేను చెప్పిందంతా నిజమే, రాసుకోండి!"

చూశారా! దిష్టి ఉందంటే చర్చిలో పరువు పోతుంది, లేదంటే కోడలు పోతుంది. ఆవిడ పరువునే పట్టుకుంది. లోపల పుష్ప మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. నవ్వడం లేదు.

చెంచురామయ్య పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పమ్మా. ఈమె వొద్దు, పంపించెయ్యమంటే పంపించేస్తాం. నీకు సమ్మతమేనా?"

మా అత్తగారి చేతిలో రొయ్యలు చెరుగుతున్న చేట ఉంది. దాన్ని అట్లానే ఎత్తిపట్టుకుని లేచింది. "పంపించు చూద్దాం! నా గడప దాటించు చూద్దాం! ఎవుడొస్తాడో రమ్మను!" రొయ్యలన్నీ ఆయన టోపీ మీదా ఒళ్ళోనూ పడ్డాయి.

ఆయన నింపాదిగా ఒక్కొక్కటే దులుపుకున్నాడు. "కూసోమ్మా. మాయమ్మ నా పెళ్ళాం గురించి ఇంతకన్నా ఘోరంగా చెప్తాది. మాయమ్మ కాలు ఇరిగినప్పుడు మాత్రం ఆమె తప్ప ఇంకెవురూ దగ్గరికి రాగూడదంటాది" అని, పుస్తకం తెరిచి 'నడవడిక మంచిది' అని రాసుకున్నాడు. పుష్ప ఇచ్చిన మజ్జిగ తాగి, రొయ్యలు బాగున్నాయని పొట్లం కట్టించుకుని మరీ పోయాడు. "ఏం బాగో" అంది మా అత్తగారు.

మరుసటి ఏడు నెల్లూరు రమ్మని పిలుపొచ్చింది. అందరం బయల్దేరాం. అధికారి పెద్దాయన, కళ్ళజోడు పైకి నెట్టుకుని పుష్పను అడిగాడు: "బర్మాలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మాయమ్మ ఉండాదండీ."

"ఇది సంతకం చేస్తే నువ్వు ఆ దేశం మనిషివి కావు. తెలుసు కదా?"

"తెలుసండీ."

ఇండియాకు విధేయంగా ఉంటానని ప్రమాణం చదివింది. ఒక్క తప్పు పోకుండా చదివింది, నేర్పింది నేను కదా. సంతకం పెట్టింది. కృపాదానం పట్టలేని సంతోషంతో మలైకాజాలు కొన్నాడు. బస్సులో అందరికీ పంచాడు, ఎవరో తెలియని వాళ్ళకు కూడా. నేను నా చీటీయే నెగ్గిందని మా ఆయనకు గుర్తు చేస్తూ కూర్చున్నాను. ముందు సీట్లో కిటికీ పక్కన పుష్ప, ఆమె పక్కన మా అత్తగారు. కాజా పుష్ప చేతిలో అట్లానే ఉంది.

"ఏందిమే, ఏడస్తా ఉండావా?" అంది అత్తగారు.

"లేదత్తా."

"మరి తిను."

కొంచెం సేపటికి పుష్ప అంది: "అత్తా, మాయమ్మ నన్ను చూసేదానికొస్తే, ఇంక పర్మిట్టు ఆమెకి కావాల. ఆమె పరదేశి, నేను గాదు."

బస్సు ముత్తుకూరు దాకా వచ్చినా మా అత్తగారు మాట్లాడలేదు. అంతసేపు నోరు మూసుకున్నది నేనెరిగి అదొక్కసారే. దిగబోతూ అంది: "రానీ. ఎవురు పొమ్మంటారో నేను చూస్తా."

ఆ ఎండాకాలం వసారాకు ఆనించి ఒక గది లేపింది. మట్టిగోడలు, తాటాకు కప్పు, గాలి రావాలని కాలువ వైపు కిటికీ. ఎవరికత్తా అంటే, వియ్యపురాలికి అంది.

"ఆమె రావడం అయ్యే పని కాదమ్మా. వాళ్ళూ పంపరు, ఈళ్ళూ అంత సులభంగా రానీరు" అన్నారు మా ఆయన.

"నువ్వు లాకులు చూసుకోరా" అంది.

నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మ కావలి నుంచి ఎన్నిసార్లు వచ్చి వెళ్ళిందో! ప్రతిసారీ వంటింట్లో రోలు పక్కన పడుకుంది. ఆమెకు ఒక్క చాప అదనంగా పరిచిన పాపాన పోలేదు. ఆ మాట ముఖం మీదే అడిగేశాను.

"మీయమ్మకేంమే, రైలుండాది. చూడాలనుకుంటే ఎక్కతాది, విసుగు పుడితే మళ్ళా ఎక్కతాది. ఆమె అంత దూరం నించి, అన్ని కాయితాలు పుట్టించుకోని వొచ్చి, రోలు పక్కన పడుకుంటాదా?" అంది.

వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను. ఆవిడ చెప్పింది నిజమే. అదే నాకు కోపం.

ఏటేటా ఆ గదికి కొత్త తాటాకు కప్పించింది. వలలు పెట్టుకుంటామన్నా, రొయ్యల గంపలు పెట్టుకుంటామన్నా ఒప్పుకోలేదు. ఒక ఏడు వానలు ముంచెత్తి ఇల్లంతా కారుతుంటే, పుష్పే వడ్ల బస్తా ఈడ్చుకెళ్ళి ఆ గదిలో పెట్టింది.

"తియ్యవే!" అని వచ్చింది మా అత్తగారు.

"మాయమ్మ రాదత్తా" అంది పుష్ప. ఆ మాట ఆమె నోట మేమెవరం అంతకుముందు వినలేదు. "వడ్లన్నా తడవకుండా ఉంటాయి."

"రాదని చెప్పేదానికి నువ్వెవురే? ఆమెకి బిడ్డవి నువ్వు, వియ్యపురాలిని నేను. నీకెంత హక్కుండాదో నాకూ అంతే ఉండాది. తియ్ బస్తా! వొచ్చినాక యాడ పడుకుంటాది, నీ నెత్తినా?"

పుష్ప బస్తా వసారాలోకి ఈడ్చి, చీపురు తెచ్చి, గదంతా ఊడ్చింది.